ఒక్కటన్న తప్పు చెప్పు బిడ్డా

మొన్న మా బిడ్డ పుస్తకం ముంగటేసుకొని "మన దేశంల రాష్ట్రాలు ఇరవై ఎనిమిది, రాష్ట్రాలు ఇరవై ఎనిమిది" అని బట్టీ పడుతుంటే నాకు నవ్వాగలె. "తప్పు చదివిన్నా?" అని మొకం చిన్నగ చేసుకుంది. తప్పేం లేదు తల్లీ, జమ్ముకశ్మీర్ ఆ లెక్కల నుంచి పోయినంక ఇప్పుడు గంతే. కాని మన రాష్ట్రం వచ్చిన కొత్తల అవి ఇరవై తొమ్మిది. గా ఒక్కదాని తేడా కాడ మా ఇంట్ల జరిగింది తలుసుకుంటే ఇప్పటికీ నాకు సగం నవ్వు, సగం మంట.

మాది చౌటుప్పల్ దగ్గర నేతోళ్ల ఇల్లు. డిగ్రీ అయిపోయినంక నల్లగొండల కిరాయి రూముల ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న. కొత్త రాష్ట్రం, కొత్త కొలువులు, ఇగ నోటిఫికేషన్ పడుడే ఆలస్యమని ఎక్కడ జూసినా అదే ముచ్చట. నాకు తెల్లారింది మొదలు జనరల్ నాలెడ్జే. బువ్వ తినుకుంట గ్రహాలు, బస్సుల కూసొని నదులు. గప్పుడే షాద్‌నగర్ దిక్కు నుంచి సంబంధమొచ్చింది. పిలగాడు కంపెనీల సూపర్‌వైజరు, వాళ్ల నాయిన రిటైరైన హెడ్మాస్టరు. "పెండ్లయినంక గూడ చదివిస్తరట, కోచింగుకు పంపుతరట. కాకపోతే పిల్ల కాడ సరుకున్నదా లేదా సారు సూస్తడట" అని మధ్యవర్తి కబురు తెచ్చిండు. చదివిస్తరన్న మాట ఇనంగనే నేను సగం ఒప్పుకున్న. ఫోటో సూసి మిగిలిన సగం గూడ ఒప్పుకున్న, దాసుడెందుకు.

నన్ను కన్న అవ్వకు మాత్రం బుగులు పట్టుకుంది. వాళ్లొచ్చే రోజు పొద్దుగాల నాకు జడ వేసుకుంట చెవుల చెప్పింది.

"ఆయన పెద్ద సారు. అన్నీ టకటక చెప్పకు. ఒక్కటన్న తప్పు చెప్పు బిడ్డా. మగోళ్లకు జర గెలిచినట్టుండాలె."

"వచ్చింది గూడ రాదనాల్నా?"

"కూరల ఉప్పు సరిపోయినా, తక్కువైందంటే ఒప్పుకుంటలేమా? గట్లనే అనుకో."

సరే అన్న. నాకు చదువు కావాలె. ఒక్క తప్పుతోని చదువు దొరుకుతదంటే చెప్తే ఏం పోతదనుకున్న.

మా ముందరింట్ల సగం జాగా మగ్గమే. బాపు పడుగు దారాల మీద దుప్పటి కప్పి, మిగిలిన సగంల కుర్చీలేసిండు. సారు చాయ్ తాగుకుంట ముందుగాల తన ఉద్యమం ముచ్చట్లు చెప్పిండు. రాష్ట్రం కోసం రోడ్డు మీద వంటావార్పు చేసిండట. పోలీసులు వ్యాన్ల ఎక్కిచ్చుకొని పోతుంటే లోపల గూడ నినాదాలు ఆపలేదట. నిజం చెప్పొద్దూ, నాకు గౌరవమనిపిచ్చింది. తర్వాత కండ్లద్దాలు తుడుసుకొని మొదలుపెట్టిండు.

"సూర్యునికి దగ్గరున్న గ్రహం?"

"బుధుడు సార్."

"కృష్ణా నది ఏడ పుట్టింది?"

"మహాబలేశ్వర్ కాడ."

"ఛాయా సోమేశ్వరాలయం ఏ ఊర్ల ఉంది?"

"పానగల్ల సార్. కందూరు చోడులు కట్టిచ్చిండ్రు."

ఎవరు కట్టిచ్చిండ్రో సారు అడుగనే లేదు. నా వెనుక అవ్వ దగ్గింది.

"ఏ రక్తం ఎవ్వరికైన ఎక్కియ్యొచ్చు?"

ఇగో, ఇక్కడ తప్పు చెప్దామనుకున్న. ఏ పాజిటివ్ అందామని నోరు తెరిస్తే ఓ నెగెటివ్ అని వచ్చింది. రక్తం కాడ తప్పు చెప్తే మనిషి పాణం పోతదని నాకు నేనే సర్దిచెప్పుకున్న. అవ్వకు దగ్గు ఎక్కువైంది. సారు భార్య "అయ్యో, ఆమెకు మంచినీళ్లియ్యుండ్రి" అన్నది.

"సరే, దేశంల రాష్ట్రాలెన్ని?"

"ఇరవై తొమ్మిది సార్."

"తప్పు!" సారు మొకం వెలిగిపోయింది. "ఇరవై ఎనిమిది."

అవ్వ దగ్గు ఆగింది. నేను కష్టపడకుంటనే దేవుడు నాకొక తప్పు ఇచ్చిండు. తల వంచుకొని "అవును సార్" అంటే అయిపోతుండె. అట్ల ఎట్లంటరు? ఎంతమంది కొట్లాడితె వచ్చిన రాష్ట్రం!

"మరి మన రాష్ట్రం సార్?" అన్న.

పాపం సారు, రిటైరయ్యేదాక పిల్లలతోని ఇరవై ఎనిమిదే పలికిచ్చిండు, నోరు దానికే అలవాటు పడ్డది. రాష్ట్రమైతే తెచ్చిండు గని లెక్కల కలుపుకోలె. సారు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకొని "గందుకే గదా రోడ్డు మీద కూసుంటివి!" అని కిసుక్కుమన్నది. పిలగాడు గూడ నవ్విండు. సారు మాత్రం నవ్వలె. గడియారం సూసుకొని "బస్సుకు టైమైంది" అని లేచిండు. వాళ్లొచ్చింది కార్ల.

ఆ తర్వాత కొన్ని దినాలు మా ఇంట్ల నాతోని ఎవ్వరూ సక్కగ మాట్లాడలె. "నీ నోరు పాడుగాను, ఒక్కటంటె ఒక్కటి చెప్పలేకపోతివా" అని అవ్వ ఒకటే గొణుగుడు. ఒకనాడు సాయంత్రం బాపు మిఠాయి డబ్బతోని ఉరుకొచ్చిండు.

"ఒప్పుకున్నరు బిడ్డా! గింత తెలివిగల పిల్లను ఏడా సూడలేదన్నడట సారు!"

నాకు ఎగిరి గంతెయ్యాలనిపిచ్చింది. ఓడిపోయి గూడ మెచ్చుకున్నడంటె ఎంత పెద్ద మనసు అనుకున్న. "కోచింగుకు ఎప్పటి నుంచి పంపుతరట?" అని అడిగిన.

బాపు లడ్డు నా చేతుల పెట్టి నెమ్మదిగ చెప్పిండు. "కోచింగు వద్దన్నడట బిడ్డా. అన్నీ వచ్చిన పిల్లకు ఇంక చదువెందుకు అన్నడట."

"నేను మొత్తుకోలేదా?" అన్నది అవ్వ.

నాకు ఏడుపు ఆగలె. "నాకేం రాదని చెప్పు బాపు. గ్రహాలు రావు, నదులు రావు, ఏమీ రాదని చెప్పు" అన్న.

బాపు మధ్యవర్తికి ఫోన్ కలిపి, గా సంబంధం మాకొద్దన్నడు. ఆయన ఎందుకని అడిగినట్టున్నడు.

"నా బిడ్డ తనకేం రాదని చెప్పుమంటున్నదే" అన్నడు బాపు. "గంత అబద్ధం నేనాడలేను."