దుబాసీ సీతయ్య జ్వరం నుంచి లేచాక

భోపాల్‌పట్నం కచేరీలో సీతయ్య దుబాసీ. తెలుగు, దోర్లి, హల్బీ, హిందీ నాలుగు భాషలూ అతనికి తడుముకోకుండా వచ్చేవి. అడవి ఊళ్లవాళ్లు చెప్పేది కచేరీలో తగవులు తీర్చే అమీనుకూ, అమీను అనేది వాళ్లకూ చెప్పడమే పదిహేనేళ్లుగా అతని పని.

1918లో వానలు వెళ్లాక ఊరిమీద పడ్డ జ్వరం అతని తమ్ముణ్ణి తీసుకుపోయింది. సీతయ్య ఇరవై రోజులు మంచంలో ఉండి లేచాడు. ఒంట్లో వేడి తగ్గింది గాని తల తేటపడలేదు. చెంబు చేతిలో పట్టుకుని దాని పేరు కోసం వెతుక్కునేవాడు. బావికని బయల్దేరి, ఎందుకు వచ్చాడో తెలియక నడిదారిలో నిలబడిపోయేవాడు. ఇద్దరు మనుషులు కాసేపు మాట్లాడితే చాలు, రోజంతా మట్టి మోసినంత అలసట.

"ఇంకో నాలుగు దినాలు పండుకోరాదు," అంది భార్య భద్రమ్మ.

"చూసేటోళ్లకు బాగనే ఉన్న గదా. ఏమని చెప్పి ఇంట్ల కూసుండాలె?"

పుష్యమాసంలో కచేరీకి వెళ్లాడు. ఆ రోజు జోగే అనే దోర్ల తెగ ఆమె ఫిర్యాదుతో వచ్చింది. ఆమె మగడూ ఆ జ్వరంలోనే పోయాడు. కల్లంలో వడ్లు తొక్కించుకుంటానంటే పక్కింటి ముయాకు ఎద్దును ఇచ్చిందట. అతను తిరిగి ఇవ్వడం లేదు. జోగే ఆపకుండా చెప్పుకుపోయింది. సీతయ్యకు ఒక మాట అందేలోగా ముందరిది జారిపోయింది. అమీను తొందరపెట్టాడు.

"ఎద్దును ముయాకు ఇచ్చేసింది సాబ్," అన్నాడు సీతయ్య.

ఇచ్చేశాక ఇంక తగవేమిటని అమీను తేల్చేశాడు. ఆ తీర్పును సీతయ్యే జోగేకు చెప్పాల్సి వచ్చింది.

ఆమె అతని ముఖంలోకి చూసింది. "కల్లం దాకనే ఇచ్చిన అని చెప్పిన గదా అన్నా. నువ్వు అట్లనే చెప్పినవా?"

తను జారవిడిచిన మాట అదేనని సీతయ్యకు తెలిసింది. ఊరుకుంటే అడిగేవాళ్లు లేరు. ఆమె భాషా, అమీను భాషా తెలిసినవాడు అక్కడ అతనొక్కడే. లేచి నిలబడ్డాడు.

"తప్పు నాది సాబ్. జ్వరం వచ్చిన కాడికెల్లి తల పనిజేస్తలేదు. ఆమెను మళ్ల అడుగుండ్రి."

ఈసారి ఒక్కొక్క మాటే చెప్పించుకున్నాడు. మధ్యాహ్నమైంది. ముయాను పిలిపిస్తే, కల్లానికే తీసుకున్నానని ఒప్పుకున్నాడు. జోగే ఎద్దును తోలుకుపోయింది.

మర్నాటి నుంచి కచేరీలో వేరే దుబాసీ. కుదురుకున్నాక రమ్మన్నాడు అమీను. రెండేళ్లకు మాటలు చాలావరకు తిరిగొచ్చాయి గాని, నలుగురిలో నిలబడితే మళ్లీ చెదిరిపోయేవి. సీతయ్య ఇక వెళ్లలేదు, చేను కాపలాకు కుదిరాడు. అయినా అడవి ఊళ్లవాళ్లు కచేరీకి పోయే ముందు, తమ మాట ఎలా చెప్పుకోవాలో తెలుసుకోవడానికి అతని దగ్గర ఆగేవారు. ఒకే సంగతి అతను మూడుసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పేవారు.

పొద్దు నడినెత్తికి వచ్చి అతని తల అలిసిపోయాక ఎవరొచ్చినా భద్రమ్మే ఎదురెళ్లేది.

"ఆయన పండుకున్నడు. రేపు పొద్దుగాల రాండ్రి."