మరిదికి చెప్పిన మాట

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా పేరు అడగవద్దు. దాచేపల్లి దగ్గర మా మామగారికీ, ఆయన స్నేహితుడు శేషయ్యగారికీ కలిపి ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఉండేది. నేను ఆ ఇంటి పెద్దకోడలిని. అంతవరకు తెలిస్తే చాలు.

శేషయ్యగారి కూతురు మాధవి భర్తను వదిలి వచ్చి ఆఫీసులో చేరింది. ఏడాది తిరగకుండానే నా భర్త ఆమెవాడయ్యాడు. రెండిళ్ళలోనూ అందరికీ తెలుసు. విందుల్లో ఆమె చేతనే నాకు వడ్డింపించేవారు. వ్యాపారం చెడకూడదు కదా. ఆమెనొక్కదాన్నే కాదు, ఆ పంక్తిలో కూర్చున్న ప్రతి మనిషినీ అసహ్యించుకున్నాను.

రెండు కుటుంబాలూ విడిపోతే మాధవి పోతుందనుకున్నాను. శేషయ్యగారికి తెలియకుండా మామగారు నాసిరకం సిమెంటు అమ్మిస్తున్నారు. సిమెంటు పరీక్షల అసలు ఫలితాలు ల్యాబ్ రిజిస్టర్‌లో ఉండేవి. ఆయుధపూజ రోజు అందరూ యంత్రాల దగ్గర ఉన్నప్పుడు వెళ్ళి ఆ పేజీలను ఫోన్‌లో ఫోటోలు తీశాను. నరసరావుపేటలో ప్రింట్లు వేయించి, పేరు రాయకుండా శేషయ్యగారికి పోస్టు చేశాను.

వారంలో పొత్తు తెగింది. అధికారులు వచ్చారు. ఫ్యాక్టరీ మూతపడింది. అంతటితో ఆగి ఉంటే ఇది రాసేదాన్ని కాదు.

ఆ రిజిస్టర్ రాసేది షాహీన్, మా లారీలు బాగుచేసే మెకానిక్ కూతురు. ఆమెను పెళ్ళి చేసుకుంటానని మా మరిది కిరణ్ అప్పటికే ఇంట్లో పోరాడుతున్నాడు. ఫోటోలు పంపింది ఆమేనని అందరూ తేల్చేశారు. అతనొక్కడే నమ్మలేదు. వంటింట్లోకి వచ్చి నన్ను అడిగాడు.

“వదినా, పూజనాడు నువ్వు ల్యాబ్ కాడికి బోయావంట గదా. షాహీన్ ఏమన్నా ఫోటోలు తీస్తా కనపడిందా?”

నేను కూరగాయల మీద నుంచి తల ఎత్తలేదు. “కనపడింది అబ్బాయ్. బాధపడతావని నీకు చెప్పలా.”

గుమ్మం వైపు తిరిగాడు. “నువ్వే చెప్పినాక ఇంకేందిలే వదినా,” అన్నాడు.

ఆ ఇంట్లో నన్ను మనిషిగా చూసింది అతనొక్కడే.

మర్నాడు గేటు దగ్గర, పనివాళ్ళందరి ముందు, ఆ పిల్లను అనరాని మాటలన్నాడు. నేను కారులో కూర్చుని విన్నాను. పని పోయిన కోపంతో ఎవరూ ఆమె తండ్రి షెడ్డుకు లారీ తీసుకెళ్ళలేదు. నెల తిరిగేసరికి వాళ్ళు కృష్ణ దాటి మిర్యాలగూడ వైపు వెళ్ళిపోయారు.

దొరికిపోతానని భయపడి చెప్పానా? భయం ఉంది. కానీ భయం ఒక్కటే అయితే తెలియదని చెప్పి ఊరుకోవచ్చు కదా? ఒక మగవాడు ఇంటినంతా ఎదిరించి తన కోసం నిలబడటం, అంత అదృష్టం ఒక మెకానిక్ కూతురికి ఎందుకు దక్కాలనిపించింది. ఇప్పటికీ ఆమె మీద నాకు జాలి లేదు. కోపమే ఉంది. అదెంత నీచమో తెలిసి కూడా రాస్తున్నాను.

మాధవి హైదరాబాద్ వెళ్ళిపోయింది. నా భర్త ఇంట్లోనే ఉంటున్నాడు, నాతో మాట్లాడడు. కిరణ్ ఇంకెవరినో చేసుకున్నాడు. పండక్కి వచ్చి నా కాళ్ళకు దండం పెడతాడు. అతనికి చెప్పే ధైర్యం నాకు లేదు. మీకు చెబుతున్నాను.

ఆ పూజ రోజు షాహీన్ ల్యాబ్‌లో లేదు. తండ్రి పక్కన నిలబడి పనివాళ్ళకు అరటిపళ్ళు పంచుతోంది.

ఈ రెండు వాక్యాలు రాశాక, ఎన్నాళ్ళకో ఊపిరి నిండుగా ఆడింది. నిజానికి అది కూడా నాకు దక్కకూడదు.