తొమ్మిది కిలోల చిక్కుళ్ళు, రెండు కొక్కేలు

నిలబడితే మా గస్పార్ మావయ్యకు బుర్ర పనిచేయదు. ఏ సంగతైనా ఆలోచించాలంటే వల ఉయ్యాల కట్టి, అందులో పడుకుని, ఒక కాలు కిందికి వేలాడేసి నాలుగుసార్లు ఊగాలి. అందుకని ఎక్కడికి వెళ్ళినా చుట్టిన ఉయ్యాల సంచిలో ఆయన భుజాన ఉంటుంది. మెక్సికోలో మా మెరిదా ఊళ్ళో ఉయ్యాల లేని ఇల్లు లేదు, నిజమే. పడగ్గదిలో, వసారాలో, ప్రతి గోడకూ కొక్కేలుంటాయి. కానీ బ్యాంకుకు వెళ్ళి, "కొక్కేలెక్కడయ్యా?" అని గుమాస్తాను అడిగింది మాత్రం ఆయనొక్కరే.

ఒకసారి మా ఆయన ఎల్మెర్, ఈ మావయ్యను రాజధానికి తీసుకెళ్ళి పెద్ద హోటల్లో దించాడు. మర్నాడు పొద్దున్నే ఆయన తిరుగు బస్సెక్కేశారు.

"ఏమైంది మావయ్యా?"

"గోడలన్నీ నున్నగా ఉన్నాయే పిల్లా! పాపం, ఆ ఊళ్ళో ఎవరూ ఆలోచించరు కాబోలు."

నా తీరు వేరు. నేను బడిలో రసాయనశాస్త్రం చెబుతాను, పైగా పది నెలల పిల్లాడి తల్లిని. అంటే ప్రమాదాన్ని గ్రాముల్లో కొలుస్తాను, టన్నుల్లో భయపడతాను. ఈ మధ్యే పాత రాతి ఇల్లు కొన్నాం. వంటగదిని తిరగగట్టాలి. గ్యాసు గొట్టం ఉన్నచోటే పొయ్యి ఉండాలి. నేను పనూచోలు, అదే చిక్కుడు ముద్ద కూరిన మొక్కజొన్న రొట్టెలు, వేయిస్తే నూనె చుక్క ఎంత దూరం ఎగురుతుందో టేపుతో కొలిచాను. మీటరు పన్నెండు సెంటీమీటర్లు. భద్రతకు రెట్టింపు చేశాను. అంత దూరంలో మా బుడ్డోడు నోయె తొట్టె పెడదామంటే భోజనాల బల్ల అడ్డు. వసారాలో పెడితే వాడు కంటికి కనబడడు. పదిహేడు ప్లాన్లు గీశాను. ప్రతి దాంట్లోనూ పిల్లాడు కాలడమో, నేను హడలి చావడమో ఖాయం.

"మావయ్యను పిలవనా?" అన్నాడు ఎల్మెర్. ఆయన నలభై ఏళ్ళు తాపీమేస్త్రీగా చేశారు.

మావయ్య వచ్చారు. నా ప్లాన్ల వైపు కన్నెత్తి చూడలేదు. కిటికీ ఊచకూ, తలుపు పట్టీకీ ఉయ్యాల కట్టి పాత వంటగదిలోనే పడుకున్నారు. మూడు రోజులు! ఉయ్యాల కింద నుంచి పొయ్యి దాకా పాత పేపర్లు పరిచి, వంగి చదువుతున్నారు.

"వంట చేసుకోవాలి మావయ్యా!"

"నిన్నెవరొద్దన్నారు? వేయించు. ఇవాళ పనూచోలు తినాలనుంది."

"నిన్నా అవేగా తిన్నారు!"

"నిన్నటివి నిన్నే అరిగిపోయాయి."

మూడో రోజు సాయంత్రం తీర్పు చెప్పారు. "బల్ల తీసెయ్. అక్కడ రెండు కొక్కేలు దిగాలి."

"వంటగదిలో ఉయ్యాలా? పొయ్యి ఉంది, నూనె ఉంది, పిల్లాడున్నాడు! కుదరదు మావయ్యా, కుదరదంతే!"

"సరేలే," అన్నారాయన. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మావయ్య వంటగది పని మొదలుపెట్టాక, రంగుల వాసన పడదని వారంపాటు పిల్లాణ్ణి తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చి చూద్దును కదా, నేను ఏరికోరి తెచ్చిన నీలం పలకలకు చిల్లులు పొడిచి రెండు ఇనప కొక్కేలు! వాటికి చిన్న కొత్త ఉయ్యాల! అందులో నల్ల చిక్కుడు గింజల మూట! మూట నెత్తిన మా నోయె టోపీ!

"పీకించెయ్యండి! ఇప్పుడే!"

"పీకుదువుగానిలే. ముందు ఊపు."

కోపమంతా చేతుల్లోకి తెచ్చుకుని ఊపాను. మూట పొయ్యి వైపు లేచి, వెనక్కి వచ్చింది. మావయ్య నా టేపు నాకే అందించారు. ఉయ్యాల పొయ్యికి మరీ దగ్గరగా వచ్చిన చోటు నుంచి కొలిచాను. రెండు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్లు.

"వాడి బరువు తొమ్మిది కిలోలని ఎల్మెర్ చెప్పాడు. సరిగ్గా అంతే పోశాను," అంటూ సంచిలోంచి పేపర్ల కట్ట తీశారు. మూడు రోజుల పేపర్లు. ప్రతి నూనె మరక చుట్టూ పెన్సిల్ సున్నా. అన్నిటికంటే దూరపు సున్నా దగ్గర వంకర అక్షరాల్లో "1.12".

"పనూచోని జానెడు పైనుంచి నూనెలోకి వదిలేసి వెనక్కి గెంతుతావు. అందుకే అంత దూరం చిందుతుంది. మెల్లగా జారిస్తే సగం కూడా రాదు."

"ఆ సంగతి అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెబితే భయం మానతావా? అందుకే నీ చిందులకే కొలిచాను. నువ్వు దాన్ని రెట్టింపు చేస్తావని కూడా తెలుసు. ఆపైన ఆరు సెంటీమీటర్లు నా వంతు."

"మరి భోజనం ఎక్కడ చేస్తాం?"

ఆయన ఉయ్యాల ఒక చివర విప్పి రెండో కొక్కేనికే తగిలించి, గోడకున్న మడత బల్లను దించారు. పదిహేడు ప్లాన్లలో ఒక్కదాంట్లోనూ అది నాకు తోచలేదు. తోస్తుందా మరి, అన్నీ కుర్చీలో కూర్చునే గీశాను.

ఆ చిక్కుళ్ళలోనే కొన్ని తీసి, మా ఊరి అలవాటు ప్రకారం సోమవారం పంది మాంసంతో వండాను. నోయె తన ఉయ్యాలలో కాళ్ళు చాపుకుని, నన్ను చూస్తూ చూస్తూ నిద్రపోయాడు. ఇంటికి ఎవరొచ్చినా ఇప్పుడు నీలం పలకలు తర్వాత, ముందు చిల్లులు చూపిస్తాను.

మొన్న మా బడిలో పనిచేసే లిహియా కొత్త వంటగది చూడమని పిలిచింది. నల్లరాతి గట్టు, చప్పుడు చేయని సొరుగులు, గోడలో పట్టేసిన ఫ్రిజ్. ఎంత బాగుందో! అంతా తిరిగి చూసి, నోయెను చంకలో సర్దుకుని అడిగాను:

"బావుంది లిహియా. కొక్కేలెక్కడ?"