కింది గుండీ

మా తాతయ్య దర్జీ. చొక్కాకి గుండీలు లోకమంతా పైనుంచి కుడితే ఆయన కిందనుంచి కుడతాడు. "ఏం తలకిందుల మనిషో!" అని నానమ్మ నలభై ఏళ్లుగా సణుగుతూనే ఉంది. "మా నాన్న నేర్పిన పని" అంటాడాయన. ఆ నాన్న కుర్రతనంలో ఇంట్లో అలిగి దేశం దాటి వచ్చేశాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

అరవై రెండో ఏట తాతయ్య ఆ గడప వెతుక్కుంటూ బయల్దేరాడు. సంచి మోయడానికి నేను. తీరా చూస్తే ఇంటి ముందుగదే కుట్టు దుకాణం. మిషను దగ్గర తాతయ్య మేనత్త కూర్చుని ఉంది. తండ్రి తరఫున మిగిలింది ఆవిడొక్కతే. తాతయ్య తనెవరి కొడుకో, తనూ దర్జీనేనని చెప్పుకున్నాడు. ఆవిడ కళ్లజోడు పైనుంచి మమ్మల్ని చూసింది.

"మా అన్న కొడుకునంటూ నీకు ముందే ఇద్దరొచ్చారు నాయనా. ఇద్దరూ దొంగలే."

తాతయ్య మొహం వాడిపోయింది. ఆవిడ గుండీలు లేని చొక్కా ఒకటి విసిరి, "దర్జీనన్నావుగా, కుట్టు" అంది.

ఆయన అలవాటు పోనిచ్చుకోకుండా కింది గుండీతో మొదలుపెట్టాడు. మన పరువు గంగలో కలిసిందనుకున్నాను. ఆవిడ మిషను టక్కున ఆగింది.

"పైనుంచి కుట్టవేం?"

"కిందిది కుదిరితే పైవి వాటంతటవే కుదురుతాయని మా నాన్న అనేవాడు."

"అది మా నాన్న మాటరా!" ఆవిడ లేచొచ్చి తాతయ్య చెవి మెలేసింది. "ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావురా, వెధవా!"

చెవి ఎర్రబడ్డా ఆయన చిన్నపిల్లాడిలా నవ్వుతూనే ఉన్నాడు. ఆవిడ తన అన్న పాత మిషను మీద ముసుగు తీసి, తాతయ్యని అక్కడ కూర్చోబెట్టింది. ఆయన వెంటనే నానమ్మకి ఫోను చేశాడు.

"ఏమే, మా వంశమంతా తలకిందులేనే!"