నాయినకు మర్యాద తెచ్చిన జబ్బు

మా నాయిన ముప్పై ఏళ్లు బస్సు కండక్టరు. ఇటు గంగారం దాకా, అటు రేగొండ దాకా ఆయన నోటికి భయపడి జనం ఫుట్‌బోర్డు మీద నిలబడేవారు కాదు. రిటైరయ్యాక ఆ నోరంతా మహబూబాబాద్‌లో మా ఇంటికే వచ్చింది.

అలాంటి మనిషి, నెల రోజులుగా తలనొప్పి, సన్నజ్వరంతో మూలుగుతున్నవాడు, ఒకరోజు పొద్దున అమ్మను "మీరు తిన్నరా అమ్మా?" అని అడిగాడు.

అమ్మ చేతిలో చీపురు అక్కడే పడేసి నా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. "బిడ్డా, మీ నాయిన నన్ను మీరు అంటుండు. దవాఖానకు తీస్కపోదాం పా."

పెద్ద దవాఖానలో డాక్టరమ్మ ఆయన మెడ వంచబోయింది. వంగలేదు. మెదడు పొరలకు టీబీ సోకిందేమో, వెన్నులోంచి నీళ్లు తీసి చూడాలంది.

"తలకాయ నొస్తుంటే నడుముకు సూది గుచ్చుడేంది మేడం?" అంది అమ్మ.

"మెదడు చుట్టూ ఉన్న నీళ్లే వెన్నులోకీ దిగుతాయమ్మా."

నాయినను పక్కకు తిప్పి, మోకాళ్లు కడుపులోకి ముడిచి పడుకోబెట్టారు. సూది దిగగానే ఆయన గట్టిగా అరిచాడు. "రేగొండ! రేగొండ దిగేటోళ్లు జల్దీ దిగుండ్రి!" డాక్టరమ్మ చెయ్యి వణకలేదు గానీ, నర్సు మాత్రం నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది.

ఆ నీళ్లను చిన్న డబ్బీలో పోసి యంత్రంలో పెట్టారు. అది క్రిమి జన్యువులను చదివి, టీబీ ఉందా, ఉంటే ముఖ్యమైన మందుకు లొంగుతుందా అన్నది రెండు గంటల్లో చెబుతుందని ల్యాబు అన్న చెప్పాడు.

అమ్మ తలూపింది. "అంటే పురుగు జాతకం చూస్తరన్నట్టు."

జాతకం బాగాలేదు. టీబీ ఉంది, అదీ ఆ మందుకు లొంగని రకం. "క్రిమిని పెంచి చూడాలంటే వారాలు పట్టేది," అంది డాక్టరమ్మ. "అన్నాళ్లూ పనిచేయని మందే ఇస్తుండేవాళ్లం. ఆయనకు అంత టైం లేదు."

ఆ సాయంత్రమే వేరే మందులు మొదలుపెట్టారు. నేను నల్లా దగ్గర మొహం కడుక్కుంటున్నట్టు నటిస్తూ ఏడ్చాను.

మూడో వారంలో ఒకరోజు అమ్మ చాయ్ అందిస్తే నాయిన ఒక గుక్క తాగి కళ్లెర్రజేశాడు. "గిది చాయా, బర్రెలు తాగే కుడితా?"

అమ్మ ఏడుస్తూ, నవ్వుతూ వార్డంతా తిరిగింది. "మా ఆయన తిట్టిండు! నన్ను తిట్టిండు!"

పక్క మంచం మీది అవ్వ పాపం, "ఊకో బిడ్డా, మొగోళ్లు గట్లనే ఉంటరు," అని ఓదార్చింది.

నెలల తరబడి మాత్రలు మింగాక నాయిన కోలుకున్నాడు. ఆ మందులకు ఒళ్లు నల్లబడింది, ఎడమకాలు కాస్త ఈడుస్తాడు. ఇంట్లో మా అందరికీ పరీక్షలు చేశారు, ఎవరికీ ఏమీ లేదు. అప్పుడాయన దృష్టి రేగొండలో ఉన్న, తన బస్సు నడిపిన పాత డ్రైవరు మీద పడింది. ఆయనకు ఏళ్లుగా దగ్గు.

"రేపు తొలి బస్సుకు రా. కళ్లె పరీక్ష చేపిస్త," అన్నాడు ఫోన్‌లో.

"నాకేమైందిరా?"

"రాకుంటే నేనే వస్త."

ఆ భయానికే డ్రైవరు వచ్చాడు. టీబీ లేదని తేలింది. అది ఉత్త బీడీల దగ్గు. నాయిన ఆ కాగితం రెండుసార్లు చదివి, ఆయన జేబులోంచి బీడీకట్ట లాగేశాడు.

"ఏం లేదన్నరు గదరా, ఇయ్యి!" అని డ్రైవరు బతిమాలాడు.

నాయిన ఆ కట్టను నా హ్యాండ్‌బ్యాగులో పడేసి జిప్పు లాగాడు. ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన ఇంకా పోలేదు.