టైపు మేడమ్ శనివారం పంచాయితీ

మా మట్టెవాడ టైపు మేడమ్ పోయారు. మొన్న పొద్దున నర్సక్క ఫోన్ చేసి చెప్పింది. నర్సక్క క్రైస్తవ మిషన్ దవాఖానాలో పనిచేసి రిటైరైన మనిషి, నాతోపాటే మేడమ్ దగ్గర కంప్యూటర్ నేర్చుకుంది. "నిద్రలనే పోయింది బిడ్డా. ముఖం మంచిగున్నది," అంది. ఆ తర్వాత ఎవరు మొదలుపెట్టామో గానీ, పాత శనివారాల సంగతులు ఒక్కొక్కటీ తవ్వుకుంటూ పోయి చివరికి కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. చావు కబురు చెప్పుకుంటూ నవ్వడమేమిటని మీరు అనుకోవచ్చు. మీకు మేడమ్ తెలియదు కాబట్టి అనుకుంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఎనభైల చివర్లో మాట. వరంగల్ మట్టెవాడలో ఒక బట్టల దుకాణం పైన మేడమ్ టైప్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మెట్లెక్కుతుండగానే టైపు మిషన్ల టకటకలు చెవులు పగలగొట్టేవి. నేను ములుగు దగ్గరి పల్లె నుంచి హన్మకొండకు వచ్చి, అడవి మొక్కల వైద్యం మీద పరిశోధన చేస్తున్నాను. థీసిస్ టైపు చేయించుకోవడానికి వెళ్లి, చేయించుకునేదేమిటి నేనే నేర్చుకుంటానని కూర్చున్నాను. సరిగ్గా ఆ రోజుల్లోనే మేడమ్ కంప్యూటర్ తెప్పించారు. అబ్బ, ఆ సంబరం! ఒక మూలకు చెక్కలతో గది కట్టించి, కిటికీకి పరదా వేసి, చెప్పులు బయట విడిచి రమ్మన్నారు. ఫ్యాను మనుషుల మీదికి కాదు, కంప్యూటర్ మీదికి తిప్పి ఉండేది. మేం చెమటలు కక్కుతూ దాన్ని చూసి మురిసిపోయేవాళ్లం.

ఉత్తరాలు రాసే ప్రోగ్రాం, లెక్కలు చేసే ప్రోగ్రాం అందరికీ కావాలి. మేడమ్‌కు మాత్రం ప్రాణమంతా చిన్న చిన్న పనిముట్ల మీద. ఫైలుకు తాళం వేసే ప్రోగ్రాం, ఎక్కడో పెట్టి మరిచిపోయిన ఫైలును వెతికి ఇచ్చేది, తుడిచేసిన ఫైలును తిరిగి తెచ్చేది, ఇలాంటివి. హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా తెలిసినవాళ్ల దగ్గర ఇవి ఫ్లాపీల్లో ఎక్కించుకుని, స్టీలు టిఫిన్ డబ్బాలో రుమాలు పరిచి, దాంట్లో పెట్టుకుని రైల్లో తెచ్చేవారు. ఒకసారి పక్క సీటాయన ఆకలిగా చూస్తున్నాడని డబ్బా తెరిచి చూపించారట. ఆయన ముఖం ఎలా పెట్టాడో మాకు నటించి చూపించారు.

తెచ్చినదాన్ని నేరుగా వాడుకోవడం ఉండదు. శనివారం పంచాయితీలో పెట్టాలి. ఆదివారం ఆమె చర్చికి పోయేవారు కాబట్టి శనివారం పొద్దున. కంప్యూటర్ వాడుకోవడానికి వచ్చే మేమంతా టైపు బల్లల దగ్గరి స్టూళ్లు లాక్కుని చుట్టూ చేరేవాళ్లం. నర్సక్క, విత్తనాల దుకాణంలో గుమాస్తాగా ఉండే పెద్దాయన, హసన్‌పర్తి కాలేజీలో పాఠాలు చెప్పే కుర్ర లెక్చరర్, నేను. పోయిన వారం ఇచ్చిన ప్రోగ్రాం ఎలా ఉందో ఒక్కొక్కరూ చెప్పాలి. "బాగుంది మేడమ్" అని తప్పించుకుందామంటే కుదిరేది కాదు.

"బాగున్నది అన్నది ముచ్చటే గాదు. ఏం జేస్తుంటే బాగున్నది, ఎక్కడ సతాయించింది, గది చెప్పుర్రి," అనేవారు.

ఇక చూడాలి మా తీర్పులు! తాళం ప్రోగ్రాం గురించి నర్సక్క, "తాళమైతే మస్తు ఏస్తది మేడమ్. తెల్లారి నన్నే లోపలికి రానిస్తలేదు," అంది. కాసేపు ఎవరూ ముట్టకపోతే తెరను నల్లగా చేసే ప్రోగ్రాం ఒకటి వచ్చింది. పెద్దాయన చాయ్ తాగి వచ్చి చూసి, మిషన్ ప్రాణం పోయిందనుకుని కరెంటు స్విచ్చి ఆపేశాడు. "నాకేం దెల్సు, అది కన్నుమూసుకున్నదని!" అని ఆయన అంటుంటే లెక్చరర్ స్టూలు మీంచి కింద పడినంత పని చేశాడు. మేడమ్ కూడా నవ్వేవారు. కానీ నవ్వు అయిపోగానే మళ్లీ అక్కడికే వచ్చేవారు. "నవ్వుడు అయిందా? ఇగ చెప్పుర్రి, తెర నల్లగైనప్పుడు ఏం కనబడితే మీరు స్విచ్చి ఆపకపోదురు?" పెద్దాయన తల గోక్కుని, ఒక మూలకు చిన్న దీపమన్నా వెలగాలన్నాడు. ఎంత మంచి మాట!

పోయిన ఏడాది చూడటానికి వెళ్తే ఆమె చేతిలో ఫోన్ ఉంది. ఏదో యాప్ వేసుకోగానే అది నక్షత్రాలు ఇవ్వమని అడుగుతోంది. "చుక్కలు ఇస్తే దానికేం సమజైతది? చుక్కలు గావాల్నంటే మిద్దెక్కి చూస్త," అని ఫోన్ పక్కన పడేశారు.

మా నాయనమ్మను ఆ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది కూడా మేడమే. నా థీసిస్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన అధ్యాయం నాయనమ్మది. ఏ ఆకు ఏ నొప్పికి, ఏ వేరు ఏ నెలలో తవ్వాలో ఆమె చెబుతుంటే నా పెన్ను అందుకోలేకపోయేది. మేడమ్ అది విని, "అవ్వను ఈడికే తోల్కరా. నీ వేళ్లు నీ పెన్ను కంటే జల్ది ఉరుకుతయి," అన్నారు. ఎండాకాలం మొదట్లో నాయనమ్మను బస్సులో తీసుకొచ్చాను. ఆమె స్టూలు మీద కూర్చుని చెబుతుంటే, ఆ కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి ఆమె మాటలను ఉన్నవున్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో నేరుగా కొట్టుకుంటూ పోయాను. తర్వాత నింపాదిగా అనువాదం చేసుకోవచ్చని. తలుచుకుంటేనే నాకు ఒళ్లు పులకరించేది, కాగితం లేకుండా రాస్తున్నానని!

ఆ సాయంత్రం మేడమ్ ఊరుకోలేదు. నాయనమ్మ అభిప్రాయం కూడా అడిగారు. "అవ్వా, ఎట్లున్నది ఈ మిషన్?"

నాయనమ్మ తెర వంక కాసేపు చూసింది. "నాకు సదువు రాదు బిడ్డా. గని నేను ఆగితే అదీ ఆగుతాంది. నేను మల్ల మాట్లాడేదాంక కన్ను ఆర్పుకుంట సూస్తాంది. మంచిగ ఇంటాంది."

తెర మీద మినుకు మినుకుమనే గీతను చూసి అన్నది ఆ మాట. మేడమ్ ఎన్ని శనివారాలు చెప్పుకున్నారో దాన్ని. ఆ వేసవిలోనే నాయనమ్మ చనిపోయింది. అప్పటి నుంచి ఆ ఫైలు నాకు థీసిస్ అధ్యాయం మాత్రమే కాదు. ఆ మాటలు ఇక ఎవరినడిగినా దొరకవు.

వానలు పడ్డాయి. మిగతా అధ్యాయాలన్నీ ప్రింటు తీశాం. నాయనమ్మది ఒక్కటే మిగిలింది. ఫ్లాపీలో కాపీ పెడదామంటే వానలకు బూజు పట్టి ఖాళీ ఫ్లాపీలు ఏవీ పలకడం లేదు. ప్రింటరు రిబ్బన్ అరిగిపోయింది, కొత్తది వస్తుందని ఆగాం. వచ్చే వారంతో థీసిస్ ఇచ్చే గడువు అయిపోతుంది. ఇంతలో కంప్యూటర్ నిండిపోయింది. ఏది దాచుకోబోయినా చోటు లేదని మొరాయిస్తోంది. అప్పుడు తెచ్చారు మేడమ్, చెత్త ఊడ్చే ప్రోగ్రాం! పాత ఫైళ్లన్నీ తనే వెతికి తీసేస్తుందట. ఆ శనివారం ఎవరూ ఆలస్యంగా రాలేదు.

లెక్చరర్ కీబోర్డు ముందు కూర్చున్నాడు. మేమంతా అతని భుజాల మీద పడి చూస్తున్నాం. పాతవి తీసేయనా అని అడిగింది. "తియ్యిమను, తియ్యిమను!" అని అరిచాం. నొక్కాడు. ఫైళ్ల పేర్లు తెర మీద జరజరా పైకి పాకుతూ మాయమవుతున్నాయి. ఖాళీ పెరుగుతున్న కొద్దీ మేం చప్పట్లు కొడుతున్నాం. నేనూ కొడుతున్నాను. ఆ పాకే పేర్లలో నాయనమ్మ ఫైలు పేరు కూడా పోవడం చూశాను. నా చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"అది నాది," అన్నాను. "అది పాతది కాదు. నాయనమ్మది."

ఎందుకలా అయిందో మేడమ్‌కు వెంటనే అర్థమైంది. ఆ కంప్యూటర్‌కు సొంత గడియారం లేదు. పొద్దున ఆన్ చేయగానే ఈ రోజు తేదీ ఎంత అని అడిగేది. మేమెవ్వరం చెప్పేవాళ్లం కాదు. తేదీతో మనకేం పని, పని కావాలి గానీ! అందరం ఎంటర్ కొట్టి ముందుకు పోయేవాళ్లం, మేడమ్‌తో సహా. అలా వదిలేస్తే అది తనంతట తానే పంతొమ్మిది వందల ఎనభై జనవరి ఒకటి అనుకుని, ఫైళ్ల మీద అదే తేదీ వేసేది. ఆ రోజు మాత్రం ఊడ్చే ప్రోగ్రాం అడిగిందని లెక్చరర్ అసలు తేదీ కొట్టాడు. దాంతో నిన్న గాక మొన్న రాసిన మా ఫైళ్లన్నీ దాని లెక్కలో ఏళ్లనాటి పాతవి. ఊడ్చమన్నాం, ఊడ్చింది.

నర్సక్క నన్ను పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టింది. లెక్చరర్ అంతలోనే లేచి, తుడిచిన ఫైళ్లను తిరిగి తెచ్చే ఫ్లాపీ అందుకున్నాడు. "పరేషాన్ గాకు చెల్లే! గిదున్నది గద! ఈ ప్రోగ్రాంను మిషన్ల కాపీ జేసి నడిపిద్దాం."

"అవ్, కాపీ జెయ్యి, జల్ది జెయ్యి!" అని అందరికంటే గట్టిగా అరిచింది గుమాస్తా పెద్దాయనే.

"ఆగుర్రి!"

మేడమ్ అంత గట్టిగా అరవగలరని అప్పటిదాకా మాకు తెలియదు. వచ్చి కీబోర్డు మీద అరచెయ్యి అడ్డం పెట్టారు. "ఎవ్వలు ముట్టద్దు. పెద్దాయనా, పోయిన నెల మీ ఫైలు సగమే దొర్కిందని చెప్పింది మీరే గద?"

పెద్దాయన తెల్లముఖం వేశాడు. "నేనా?"

"మీరే. ఆ ప్రోగ్రాంను మిషన్ల కాపీ జేసుకున్నంక నడిపిన, సగం వచ్చి సగం రాలేదన్నరు. వీళ్లంత నవ్విండ్రు. నేను వారమంత పనికిరాని ఫైళ్లు తుడుసుకుంట చూసిన. మీరన్నది నిజం."

ఆయన చెప్పి మరిచిపోయాడు. మేం నవ్వి మరిచిపోయాం. ఆమె మాత్రం విన్నారు. ఆ తర్వాత మాకు చెప్పింది ఇది. తుడిచిన ఫైలు వెంటనే పోదు. ఇంటికి తాళం తీసి పేరు బోర్డు పీకేసినట్టు అవుతుంది, సామాను లోపలే ఉంటుంది. ఈలోగా కొత్తది ఏది కాపీ చేసినా అది ఆ ఇంట్లోకే కిరాయికి దిగి పాత సామాను బయట పారేయొచ్చు. కాబట్టి ఆ ప్రోగ్రాంను లోపలికి రానివ్వకుండా, ఫ్లాపీలోంచే నడపాలి.

ఈసారి కీబోర్డు ముందు మేడమే కూర్చున్నారు. ఫ్లాపీ గరగరమంది. పోయిన ఫైళ్ల పేర్లు వచ్చాయి, ప్రతి పేరుకూ మొదటి అక్షరం స్థానంలో ప్రశ్న గుర్తుతో. నాయనమ్మది కనబడింది. మొదటి అక్షరం నేనే చెప్పాను. ఎంటర్ నొక్కే ముందు మేడమ్ నా వంక చూసి, "ఫికర్ జెయ్యకు బిడ్డా," అన్నారు. ఆమె గొంతులోనూ ఫికర్ ఉంది. నొక్కారు.

వచ్చింది! మొదటి పేజీ వచ్చింది, నడిమి పేజీలు వచ్చాయి, చివరి పేజీ చివరి వాక్యం దాకా వచ్చింది! నర్సక్క నన్ను గట్టిగా వాటేసుకుంది. పెద్దాయన, "సూసిన్రా, నేనే చెప్పిన!" అంటూ తిరుగుతున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు, నవ్వూ ఆగలేదు. మేడమ్ మాత్రం కుర్చీ తిప్పి, "ఇగ చెప్పుర్రి, ఊడ్చే ప్రోగ్రాం మీద మీ అభిప్రాయం ఏంది?" అన్నారు. ఆ రోజు అందరం ఒకేసారి మాట్లాడాం. ఊడ్చే ముందు ఒక్కొక్క పేరూ చూపించి అడగాలన్నాం. తేదీ ఎంతో చెప్పకుండా ఎంటర్ కొట్టినవాళ్లు ఆ తర్వాత మా ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్కరూ లేరు.

గడువులోపు థీసిస్ ఇచ్చాను. నా చదువు, ఉద్యోగం, ఇవాళ నలుగురు నన్ను అడిగి తెలుసుకునే నాలుగు ముక్కలు, అన్నిటి వెనకా ఆ అరచెయ్యి ఉంది. ఆ మాట ఆమెతో ఎన్నిసార్లు అన్నా "నాదేముంది, వాడినోళ్లు చెప్పిండ్రు, నేను విన్న," అని కొట్టిపారేసేవారు. వినడమే తెలియని మనుషుల మధ్య ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశాక చెబుతున్నాను, మేడమ్. అదే అంతా.

ఫైలు దొరికిన ఆ శనివారం కొత్త రిబ్బన్ కోసం ఆగలేదు. ఉన్న అరిగిన రిబ్బన్‌తోనే ప్రింటు పెట్టారు. అక్షరాలు ఎంత పలచగా పడ్డాయంటే గదిలో కనబడనే లేదు. మేడమ్ ప్రింటరును గుమ్మం దాకా జరిపించి, మడతలు మడతలుగా వస్తున్న కాగితాన్ని చింపకుండా చేతుల మీద మోసుకుంటూ బాల్కనీలోకి నడిచారు. వాన వెలిసి ఎండ కాస్తోంది. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, ఇంగ్లీషు అక్షరాల్లోని మా నాయనమ్మ మాటలను కూడబలుక్కుంటూ పైకి చదివారు. "తిప్పతీగ కొయ్యంగ... మొత్తం గుంజకు బిడ్డా. ఓ కణుపు... చెట్టుకే ఉంచు. ఎనుక వచ్చేటోళ్లకు గావాలె." కింద రోడ్డు మీద రిక్షా ఆపుకుని ఒకతను తలెత్తి చూశాడు. మేడమ్ చదవడం ఆపలేదు. వెనక గుమ్మంలోంచి కాగితం ఇంకా వస్తూనే ఉంది.