మాఘం వద్దన్నాను

మొక్కుకుని తిరుపతికి ఏ నెలలో నడిస్తే మంచిదని మా చుట్టుపక్కల ఎవరికి అనుమానం వచ్చినా నన్నే అడిగేవారు. వత్సవాయి దగ్గర ముప్పై ఏళ్ళుగా పత్తీ మిరపా వేస్తున్నవాణ్ణి, ఆకాశం సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని నాకూ ఉండేది. ఆ పొగరు గురించే ఇది రాస్తున్నాను.

నాకు గుండె ఆపరేషన్ జరిగినప్పుడు మా ఆవిడ మొక్కుకుంది, నేను బతికి బయటపడితే తిరుపతికి నడిచి వస్తానని. బతికాను. ఆమెకు షుగరుంది కాబట్టి మంచి కాలం చూసి పంపుతానన్నాను. ఎండాకాలం కుదరదు, రోహిణిలో రోళ్ళే పగులుతాయి. వానాకాలం సరేసరి. పుష్యంలో పూస గుచ్చ పొద్దుండదు. తను మాత్రం మాఘం అంది. వాళ్ళ పుట్టింటివాళ్ళు ఎప్పుడు నడిచినా మాఘంలోనే నడిచారట. మాఘంలో మాకులే వణుకుతాయి, చెట్లే ఆగలేని చలికి నువ్వెంత అని కొట్టిపారేశాను. అసలు సంగతి చలి కాదు. మాఘంలో మాకు మిరపకోత. కూలీలను పిలవడం, దగ్గరుండి కోయించడం, కల్లంలో కాయ ఆరబెట్టించడం అన్నీ ఆమే చూస్తుంది. ఆమె లేకపోతే నాకు చెయ్యి విరిగినట్టే. ఆ ముక్క నోటితో చెప్పలేక సామెతలు చెప్పాను.

చివరికి కార్తీకం ఖాయం చేశాను. మా వైపు కార్తీకానికి వానలు తగ్గిపోతాయి, ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంటుంది. ఒంగోలు దాటితే అసలు వానలు పడేదే అప్పుడన్న సంగతి అటువైపు బడిపిల్లలకు కూడా తెలుసు. నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు. అందరూ అడిగేది నన్నే కదా, నేనెవరిని అడగాలి?

నందిగామ దాకా వెళ్ళి సాగనంపాను. ఆరుగురు ఆడవాళ్ళు, సామానుకు ఒక ఆటో. ఒంగోలు దాటిన మూడో రోజు ఫోన్ చేసింది. కావలి దగ్గరకు వచ్చారట, వాన విడవడం లేదట, కట్టుకున్న బట్టలు ఒంటిమీదే ఆరుతున్నాయట. నేనప్పుడు పత్తి చేలో ఉన్నాను, నెత్తిన ఎండ.

"వేళ్ళ సందులు నాని తోలు ఊడొస్తందండి. బస్సెక్కి వచ్చెయ్యనా?"

"మొక్కు మధ్యలో ఆపితే అరిష్టం. ఇక్కడ చుక్క లేదు, అక్కడ మాత్రం ఎన్నాళ్ళు పడద్ది?" అన్నాను.

అరిష్టం ఎవరికని నా భయం? మొక్కు నా ప్రాణం కోసం. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణాన నేను తలుచుకున్నది నా గుండెనే, ఆమె కాళ్ళను కాదు.

ఆమె ఇంకో మూడు రోజులు నడిచింది. నెల్లూరులో ఆసుపత్రిలో రెండు వారాలు ఉంచుకుని కుడి పాదం సగం తీసేశారు. కొండ చూడనే లేదు.

ఆ ఏడు మాఘంలో ఎండా చలీ రెండూ ఎంత హాయిగా ఉన్నాయంటే, నాకు ఒళ్ళు మండింది. ఆమె కల్లంలో కుర్చీ వేయించుకుని తాలుకాయలు ఏరింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఒకరోజు పక్కింటికి కొత్తగా వచ్చిన కోడలు కల్లానికి వచ్చింది. తిరుపతికి నడవాలని మొక్కుంది బాబాయిగారూ, ఏ నెల మంచిదని నన్ను అడిగింది. అలవాటు కొద్దీ నోరు తెరిచాను.

ఈలోగా మా ఆవిడే చెప్పింది, తాలుకాయలు ఏరుతూనే.

"మాఘంలో వెళ్ళమ్మా. మీ ఆయన్ని మాత్రం అడగమాక."